రోడ్డు కంటే ముందు పడాల్సిన గీతలు

న్యాల్‌కల్ 1956 దాకా బీదర్ తాలూకాలో ఒక సర్కిల్. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం జహీరాబాద్ తాలూకాతో పాటు దాన్ని కూడా ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. మెదక్ జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతం 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. పాలన మారినా జనం రాకపోకలు మారలేదు. బజారుకైనా ఆస్పత్రికైనా చాలా ఊళ్లకు బీదరే దగ్గర. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి. మండలం అంచున మంజీర పారుతుంది. దక్షిణాన జహీరాబాద్ మీదుగా పుణె–మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. మెటల్‌కుంట మీదుగా వికారాబాద్–బీదర్ రైలు మార్గం వెళ్తుంది. ఈ మూడింటి నడుమ ఉన్న నేల మీదికి ఇప్పుడు ఒక నగరం రాబోతోంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు, కొప్పర్తిలతో పాటు జహీరాబాద్ కూడా ఉంది. హైదరాబాద్–నాగ్‌పూర్ పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో తొలి దశలో 3,245 ఎకరాలను 2,361 కోట్ల రూపాయలతో అభివృద్ధి చేస్తారు. ఇలాంటి చోట ప్రణాళిక అనగానే చర్చ హైవే ఎన్ని లైన్లు, ఏ కంపెనీ వస్తుంది అన్న వాటి చుట్టూ తిరుగుతుంది. ఆ రెండూ తర్వాత తేల్చుకోవచ్చు. ముందుగా గ్రామ నక్షా మీద మూడు గీతలు పడాలి. ఒకటి హైవేను మిగతా నేలతో కలిపే అడ్డరోడ్లకు, రెండోది వాగులు పారే దారులకు, మూడోది సాగులోనే ఉండాల్సిన నేలకు. ఈ మూడింట్లో తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం తర్వాతి తరాలకు దాదాపు ఉండదు.

దిద్దుకోలేకపోవడానికి కారణం వీధికి ఉండే ఆయుష్షు. 1591లో హైదరాబాద్‌ను నిర్మించినప్పుడు చార్మినార్ దగ్గర కలిసేలా నాలుగు దారులు గీశారు. ఆ దారుల పక్కన ఇళ్లు, దుకాణాలు ఎన్నోసార్లు కూలాయి, లేచాయి, చేతులు మారాయి. 1908లో మూసీ ముంచెత్తింది, రాజ్యమే మారింది. ఆ నాలుగు దారులు మాత్రం నేటికీ అక్కడే ఉన్నాయి. కట్టడానికి యజమాని ఒకడే కాబట్టి అతను తలచుకుంటే పడగొట్టి మళ్లీ కట్టుకుంటాడు. వీధికి ఆనుకుని వందల మంది యజమానులు ఉంటారు. ఒక్క గజం జరపాలన్నా వాళ్లందరితో తగాదా, కోర్టు, పరిహారం తప్పవు. అందుకే నగర నిర్మాణంలో అన్నిటికంటే చవకగా దొరికే వస్తువు ఇంకా వేయని రోడ్డు, అన్నిటికంటే ఖరీదైనది ఇళ్లు లేచాక వెడల్పు చేయాల్సిన రోడ్డు. ఇప్పుడు న్యాల్‌కల్‌లో ఆ గీత ఖర్చు కొన్ని ఎకరాల పరిహారం. ఇరవై ఏళ్లు ఆగితే అదే గీత వందల ఇళ్లను కూల్చమంటుంది.

హైవే వచ్చిన చోట ఎవరూ ఏ గీతా గీయకపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. రోడ్డుకు ఆనుకున్న మడి ధర ఒక్కసారిగా పెరుగుతుంది, దాని వెనక ఉన్న చేను ధర అంతగా కదలదు. ముందు మడి యజమాని దాన్ని చిన్న ముక్కలు చేసి ధాబాకు, పెట్రోల్ బంకుకు, టైర్ల షాపుకు, వెంచర్‌కు అమ్ముతాడు. ప్రతి ముక్కకూ హైవే మీదికి ఒక దారి కావాలి. కొన్నేళ్లలో రోడ్డుకు రెండు వైపులా కిలోమీటర్ల పొడవున ఒక పలుచని కట్టడాల పట్టీ తయారవుతుంది. దాని వెనక వందల ఎకరాలకు దారే లేకుండా పోతుంది. ఇంగ్లండ్ ఈ బెడదను చూసి 1935లోనే ఒక చట్టం చేసి, ముఖ్యమైన రోడ్ల నడిమి గీత నుంచి 220 అడుగుల లోపు అనుమతి లేని కట్టడాలను ఆపింది. మన జాతీయ రహదారులకూ నిబంధనలున్నాయి. ఊళ్ల బయట రోడ్డు మధ్య నుంచి 40 మీటర్ల దాకా కట్టడం ఉండకూడదు, 75 మీటర్ల దాకా కట్టేదానిపై నియంత్రణ ఉండాలి. 2002లో వచ్చిన జాతీయ రహదారుల నియంత్రణ చట్టం హైవే మీదికి తెరిచే దారులకు అనుమతి తప్పనిసరి చేసింది. అయితే ఇవన్నీ వద్దని చెప్పే నియమాలు. హైవే మీదికి తెరవొద్దన్నప్పుడు మరి ఎటు తెరవాలో చెప్పే రెండో రోడ్డు నేల మీద ఉండాలి. అది లేని చోట నిషేధం రోజూ ఉల్లంఘనకు గురవుతూనే ఉంటుంది, తప్పు పట్టాల్సింది ఆ ధాబా యజమానిని కాదు.

ఈ లోపం ప్రాణాల మీదికి ఎలా వస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. చెరకు నింపిన రెండు ట్రాలీలతో ఒక ట్రాక్టరు నాలుగు లైన్ల హైవేను దాటాలనుకుందాం. దాని మొత్తం పొడవు సుమారు 15 మీటర్లు, దాటాల్సిన ఒక వైపు రోడ్డు సుమారు 10 మీటర్లు. ట్రాలీ తోక కూడా అవతలికి చేరాలంటే ట్రాక్టరు 25 మీటర్లు కదలాలి. అంత బరువుతో నిలిచిన చోటు నుంచి బయల్దేరిన బండి వేగం ప్రతి సెకనుకూ సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతుందనుకుంటే దానికి పది సెకన్లు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ పది సెకన్లలో దాదాపు 280 మీటర్లు వస్తుంది. కారు నడిపే మనిషి ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి రెండున్నర సెకన్లు తీసుకుంటే ఆ లోపలే 70 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 110 మీటర్లు కావాలి. పగలు, చూపు ఆనే చోట, ఇద్దరూ బతికి బయటపడతారు. రాత్రి దించిన హెడ్‌లైట్ వెలుగు అందులో సగం దూరమైనా అందదు. రెండు వందల మీటర్లకొక తెరుపు ఉన్న రోడ్డు మీద డ్రైవరు ఇలాంటి లెక్కను నిమిషానికి ఎనిమిది సార్లు చేయాలి. ట్రాక్టరు హైవే కింది నుంచో, పక్కనున్న సర్వీసు రోడ్డు మీదుగానో పోయే ఏర్పాటు ఉంటే ఈ లెక్క అవసరమే ఉండదు.

హైవేనే ఆరు, ఎనిమిది లైన్లు చేస్తే రద్దీ సమస్య తీరదా అని అడగొచ్చు. రవాణా శాస్త్రం ఈ ప్రశ్నను అరవై ఏళ్లుగా పరిశీలిస్తోంది. పెద్ద రోడ్డు వేసినా రద్దీ వేళల్లో ఇరుకు మళ్లీ పాత స్థాయికే చేరుతుందని అమెరికన్ ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే వాదించారు. డ్యూరాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1983 నుంచి 2003 వరకు అమెరికా నగరాల లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. నగరంలో అంతర్రాష్ట్ర రహదారుల లైన్ల మొత్తం పొడవు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని వాళ్లు తేల్చారు. కారణం స్పష్టమే. ప్రయాణం సులువైతే జనం ఎక్కువసార్లు, ఎక్కువ దూరం వెళ్తారు, లారీలు ఆ దారి పడతాయి, ఇళ్లు ఇంకా దూరాన లేస్తాయి. దీన్ని బట్టి రోడ్డు వెడల్పు ఎప్పుడూ వృథా అనుకోనక్కర్లేదు. మచిలీపట్నం రేవు వైపో పుణె వైపో సరుకు పోవాలంటే మంచి హైవే ఉండాల్సిందే. కానీ పాల డబ్బాలతో ఊరి నుంచి వచ్చే మోటార్ సైకిలూ, పిల్లల్ని బడికి తీసుకెళ్లే ఆటో, పుణె లారీ మూడూ ఒకే రోడ్డు మీద నడవాల్సి వస్తే ఎన్ని లైన్లు వేసినా చాలవు. దూరప్రయాణాన్నీ ఊరి ప్రయాణాన్నీ విడదీయగలిగేది అడ్డరోడ్ల వల ఒక్కటే.

ఆ వలకు కావాల్సిన నేల అనుకున్నంత ఎక్కువేమీ కాదు. పెరిగే నగరాలపై దశాబ్దాలుగా పరిశోధించిన ష్లోమో ఏంజెల్, నగరం ఎటు పెరుగుతుందో అటు ముందుగానే కిలోమీటరుకొక రోడ్డు చొప్పున, 25 నుంచి 30 మీటర్ల వెడల్పుతో, నిలువుగా అడ్డంగా స్థలం వదిలిపెట్టాలని సూచించారు. లెక్క కట్టి చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు అంటే 247 ఎకరాలు. అందులోకి ఒక నిలువు, ఒక అడ్డం, మొత్తం రెండు కిలోమీటర్ల రోడ్డు వస్తుంది. 30 మీటర్ల వెడల్పుతో అది 60,000 చదరపు మీటర్లు, అంటే నూటికి ఆరు వంతులు, 15 ఎకరాలు. ఇప్పుడే తారు పోయనక్కర్లేదు. నక్షాలో ఇప్పటికే ఉన్న బండ్ల బాటలను వీలైన చోట వాడుకుని, మిగతా చోట పరిహారమిచ్చి హద్దురాళ్లు పాతితే చాలు. ఈ పని ఆలస్యమైతే ఏమవుతుందో చూడటానికి హైదరాబాద్ దాకా వెళ్లొచ్చు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు రెండు వైపులా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్ ప్రకటించి, 2008లోనే గ్రిడ్ రోడ్లతో నిబంధనలు తెచ్చారు. ఆలోచన సరైనదే. కాగితం మీది గ్రిడ్ రోడ్డుకు నేల మీద హద్దు పడేలోపే చాలా చోట్ల కాలనీలు లేచాయి. కోట్లు పోసి వేసిన ఎనిమిది లైన్ల రోడ్డు పక్కన సందుల్లో ఇరుక్కున్న కాలనీలకు కారణం ఈ ఆలస్యమే.

రెండో గీత నీటికి. ఇక్కడ నేల కింద ఏముందో తెలియకుండా నేల మీద ఏదీ నిర్ణయించలేం. బీదర్ కోటకు వాడిన ఎర్రని జేగురు రాయి, అంటే లాటరైట్, ఆ పీఠభూమి మీదుగా జహీరాబాద్ దాకా పరుచుకుని ఉంది. దాని కింద నల్లని బసాల్ట్ రాయి ఉంది. లాటరైట్‌లో సందులెక్కువ, వాన నీరు చప్పున ఇంకుతుంది. కింది గట్టి రాయి తగలగానే పక్కకు పారి, గట్టు అంచుల్లో ఊటలై బయటపడి, వాగుల్లో చేరి మంజీరలో కలుస్తుంది. బహమనీల కాలంలో బీదర్‌లో తవ్విన కరేజ్ సొరంగాలు ఈ ఊటనే పట్టుకున్నాయి. ఎగువ గట్టు మీద ఒలికిన రసాయనం దిగువ బావిలో తేలడానికి ఇక్కడ కాలువ అక్కర్లేదు, రాయే కాలువ. పైగా గచ్చు వేసిన నేల వాన నీటిని తాగదు. ఒక ఎకరం మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండు లక్షల లీటర్ల నీరు. 3,245 ఎకరాల మీద అది 65 కోట్ల లీటర్లు దాటుతుంది. పొలాలుగా ఉన్నప్పుడు అందులో చాలా భాగం ఇంకేది. షెడ్లు, రోడ్లు, యార్డులు వచ్చాక కొన్ని గంటల్లోనే వాగుల మీద పడుతుంది. 2012 భవన నిబంధనలు పది మీటర్లకు పైబడిన వాగుకు 9 మీటర్లు, అంతకు చిన్నదానికి 2 మీటర్లు మాత్రమే బఫర్ అడుగుతాయి. ఇవి ఇళ్ల అనుమతులకు పెట్టిన కనీస కొలతలు. ఒక పారిశ్రామిక నగరం మొత్తం నీరు మోయాల్సిన వాగుకు ఎంత వెడల్పు కావాలో వరద లెక్క కట్టి తేల్చాలి.

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి దూరదేశాల ఉదాహరణలు అక్కర్లేదు. ఇదే హైవే మీద హైదరాబాద్ వైపు వస్తే పటాన్‌చెరు ఉంది, అక్కడి నక్కవాగు కూడా మంజీరలోనే కలుస్తుంది. 1970ల నుంచి అక్కడ మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చాయి. వాగు, చెరువులు, బావులు పాడయ్యాయని 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం కూడా వచ్చింది. ఆ కేంద్రం నుంచి శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. కాబట్టి 2024లో న్యాల్‌కల్ మండలంలోని డప్పూర్, వడ్డి, మల్గి గ్రామాల రైతులు ఫార్మా పరిశ్రమలకు తమ భూములు ఇవ్వబోమని రోడ్డెక్కడాన్ని అభివృద్ధికి అడ్డుపడటంగా చూడటం అన్యాయం. వాళ్ల భయానికి సంగారెడ్డి జిల్లాలోనే ఆధారం ఉంది. ఊటల నేల మీద యంత్రాలు బిగించే, విడిభాగాలు చేసే పొడి పరిశ్రమలు పెట్టుకోవచ్చు. రసాయన వ్యర్థాలు వదిలే పరిశ్రమను ఇక్కడ పెట్టొద్దన్నది భూగర్భశాస్త్రం చెప్పే మాట.

మూడో గీత నేలకు. నల్లరేగడిలో ఉండే బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఇంజనీరుకు అది తలనొప్పి. సున్నం కలపడమో, ఉబ్బని మట్టి పొర వేయడమో చేయకుండా దాని మీద రోడ్డు వేస్తే అంచుల వెంట చీలుతుంది. రైతుకు అదే వరం. మీటరు లోతున్న మంచి రేగడి మొక్కకు అందేలా 150 మిల్లీమీటర్లకు పైగా నీటిని దాచుకోగలదు. ఎకరానికి అది ఆరు లక్షల లీటర్లు. యాసంగిలో జొన్న, శనగ, కుసుమ ఒక్క తడి కూడా పెట్టకుండా పండేది ఆ నిల్వ మీదే. బోరు, కరెంటు, డ్యామ్ ఏవీ అక్కర్లేని నీటి పథకం ఇది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ నేలల మీదా, పక్కనున్న ఎర్ర చెలకల మీదా జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుము కలిపి వేసే పాత పంటల పద్ధతిని నిలబెట్టాయి. ఆ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి లభించింది. వానలు నమ్మలేని కాలంలో ఆ విత్తనాల విలువ పెరుగుతుందే గానీ తగ్గదు. అవి గోదాములో కంటే చేనులోనే బతుకుతాయి. ఏటేటా విత్తి, ఏరి, దాచే చేతులు కావాలి వాటికి.

ఇక అసలు ఎంత భూమి కావాలన్న ప్రశ్న. జహీరాబాద్ జాతీయ పెట్టుబడి, తయారీ మండలి, అంటే నిమ్జ్‌కు, 12,635 ఎకరాలు అనుకున్నారు. 2011 జాతీయ తయారీ విధానం ఏ నిమ్జ్‌కైనా కనీసం 5,000 హెక్టార్లు ఉండాలంది. 5,000 హెక్టార్లంటే సుమారు 12,350 ఎకరాలు. రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఇంత విస్తీర్ణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఢిల్లీలో పెట్టిన కొలత అది, న్యాల్‌కల్ అవసరం లెక్కగట్టి తేల్చింది కాదు. సాగుకు పనికిరాని బీడు భూములను ఎంచుకోవాలని చెప్పింది కూడా ఆ విధానమే. ఇప్పుడు ఆమోదం పొందిన తొలి దశ అందులో నాలుగో వంతు. అలాగైతే మిగతా మూడు వంతుల మీద వేలాడుతున్న అనిశ్చితిని తొలగించాలి. ఎప్పుడో తీసుకుంటారన్న భూమిలో రైతు బావి తవ్వడు, మామిడి మొక్క నాటడు, బ్యాంకు కూడా అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది. తొలి దశ నిండి, నీరు, వ్యర్థాల లెక్కలు బయటపెట్టే దాకా మిగతా నేలను సాగు భూమిగానే చట్టబద్ధంగా ప్రకటించడం ఈ గీత అర్థం.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఉపాధి. కూలి కోసం పట్నం పోతున్న యువకుడికి జొన్న చేను గొప్పతనం చెప్పి ఏం లాభం అని అడిగితే, ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ఫ్యాక్టరీలు రావాలి. 1980లలో ఆల్విన్ నిస్సాన్ జహీరాబాద్‌లో వాహనాల ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది, 2013 నుంచి ఇక్కడ ట్రాక్టర్లు కూడా తయారవుతున్నాయి. వేల ఎకరాల మండలి ప్రకటించకముందే ఈ ఊరికి పరిశ్రమ వచ్చింది, జీతాలు వచ్చాయి. పరిశ్రమకు కావాల్సింది దారి, కరెంటు, నీరు, పని వచ్చిన మనుషులు, వివాదం లేని భూమి. మూడు గీతలు ఇచ్చేది సరిగ్గా ఆ స్పష్టతనే. మరోవైపు భూమి పోతే పట్టాదారుకు చెక్కు వస్తుంది, కూలీకి పని పోతుంది. 2015 నాటి జీవో 123 కింద భూములు కొంటున్నప్పుడు నిమ్జ్ గ్రామాల వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లింది ఈ అన్యాయం మీదే, 2016 ఆగస్టులో న్యాయమూర్తి ఆ జీవోను కొట్టేశారు. 2013 భూసేకరణ చట్టం భూమి లేని కుటుంబానికి కూడా ఉద్యోగమో, ఐదు లక్షల రూపాయలో, ఇరవై ఏళ్లపాటు నెలకు రెండు వేలకు తగ్గని భృతో ఇవ్వాలంటుంది. వీటిలో బతుకును మార్చగలిగేది ఉద్యోగమే. అందుకే శిక్షణ కేంద్రం ఫ్యాక్టరీ షెడ్డు కంటే ముందు తెరవాలి.

ఇంకో అభ్యంతరం రైతు వైపు నుంచే వస్తుంది. రోడ్డు పక్క వాడు కోటీశ్వరుడైతే నా చేను మాత్రం సాగు భూమిగా ఎందుకు ఉండాలి అని. న్యాయమైన ప్రశ్న ఇది. విలువ పెరగడానికి కారణం అందరి డబ్బుతో వేసిన రోడ్డు కాబట్టి ఆ లాభం అందరికీ అందాలి. గుజరాత్ 1976 చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములు ఇలాగే పనిచేస్తాయి. అందరి భూములూ కలిపి, రోడ్లకూ సదుపాయాలకూ కొంత తీసి, మిగతాది సరైన ఆకారంలో అందరికీ తిరిగి ఇస్తారు. అహ్మదాబాద్ రింగ్ రోడ్డుకు చాలా భూమి ఈ పద్ధతిలోనే సమకూరింది. మనకు అమరావతి అనుభవమూ ఉంది. 2015లో మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం హామీతో రైతులు భూములిచ్చారు. 2019 తర్వాత ప్రభుత్వ నిర్ణయం మారడంతో ఏళ్ల తరబడి ఎదురుచూశారు. న్యాల్‌కల్‌కు దాని పాఠం ఏమిటంటే, ఒకేసారి అంతా అడగకూడదు. చిన్న దశల్లో అడగాలి, ఒక దశలో ఇచ్చిన మాట నెరవేరాకే రెండో దశకు వెళ్లాలి. సాగు నేలగా నిలిపిన ఊళ్లకు అడ్డరోడ్లు, బడులు, పంట కొనుగోలు కేంద్రాలు ముందుగా రావాలి.

ఇదంతా ఒక మండలానికి మించిన పని అనేవాళ్లు ఉంటారు. వాగుల సర్వే, గ్రామ నక్షాలు, నేల స్వభావం లెక్కలు ప్రభుత్వ శాఖల దగ్గరే ఉంటాయి. ఇదే హైవే మీద పటాన్‌చెరులో 1972 నుంచి జొన్న, కంది, శనగ, రేగడి నేలల మీద పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ ఉంది. కంది అనే ఊరి దగ్గర ఐఐటీ ఉంది. కావాల్సిన శాస్త్రం గంటన్నర దూరంలో ఉంది. మంజీరకూ రైలుకూ రాష్ట్ర సరిహద్దు పట్టదు కాబట్టి బీదర్ జిల్లా యంత్రాంగంతో కలిసి కూర్చునే ఉమ్మడి ప్రణాళికా సంఘం కూడా కావాలి. అందుకోసం కొత్త చట్టం తేవాల్సిన పని లేదు. ఏ అనుమతి పత్రం మీదైనా సంతకం పడేలోపు మూడు గీతలున్న నక్షాను ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో అంటించాలి. గ్రామసభలో దాని మీద వచ్చిన ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ తర్వాత రోడ్డు ఎన్ని లైన్లన్నది ఇంజనీర్లు నిర్ణయించుకోవచ్చు, ఏ ఫ్యాక్టరీ అన్నది పెట్టుబడిదారులు తేల్చుకోవచ్చు. వాగు, దారి, సాగు నేల విషయంలో మాత్రం తొలి నిర్ణయం న్యాల్‌కల్ ప్రజలదే కావాలి, దాన్ని వాళ్లు తీసుకోవాల్సిన కాలం ఇదే.